రైతు పేరు చెప్పి కాపాడుతున్నది ఎవరిని?

భీమవరం నుంచి ఆకివీడు దాకా ఏ చెరువు గట్టు మీద ఆగి మాట కలిపినా, రొయ్యల్లో మందుల అవశేషాల సంగతి ఎత్తగానే దాదాపు ఒకే జవాబు వస్తుంది. "ఇదంతా తెల్లోడి ఎత్తండీ. మన రేటు కొట్టడానికి పెట్టిన రూలు. మందు వాడకుండా పంట ఎలా బయటపడుద్దండీ?" ఆ మాట అన్న రైతు మీద నాకు కోపం లేదు. ఎకరాకు లక్షలు పోసి, రాత్రంతా ఏరేటర్ల చప్పుడు వింటూ, కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరిగెత్తే మనిషి అతను. నా పేచీ ఆ మాటను అతని నోట్లో పెట్టినవాళ్ళతో. వేదికల మీద, టీవీ చర్చల్లో, వ్యాపారుల వినతిపత్రాల్లో అదే మాట కాస్త మర్యాదైన భాషలో తిరుగుతోంది. పశువుల మందుల మీద, మేత మీద, పాలూ మాంసం చేపల మీద సర్కారు పట్టు బిగిస్తే చిన్నరైతు చితికిపోతాడట. ఈ నియమాలన్నీ ధనిక దేశాల సోకులట. మనం తరతరాలుగా తింటూనే ఉన్నాం, ఏమైందని అడుగుతారు. ఎటూ మన దగ్గర చట్టం కాగితం దాటదు, ఇంకెందుకంటారు.

ఈ వాదన మన దగ్గర లోకజ్ఞానంగా చెలామణీ అవుతోంది. ఇది తప్పని, దీన్ని నమ్మితే మొదట మునిగేది రైతేనని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇందులో ఒక పాలు నిజం ఉంది. దాన్ని దాచను, దాని చోటు వచ్చినప్పుడు ఒప్పుకుంటాను.

ముందు చెరువులోకే దిగుదాం. మన వనామీ రొయ్యల రైతును ఎక్కువగా దెబ్బతీసే జబ్బుల్లో రెండు పేర్లు ముందుంటాయి, తెల్లమచ్చ, ఈహెచ్‌పీ. తెల్లమచ్చ వైరస్ వల్ల వస్తుంది. 1994-95లో, టైగర్ రొయ్య రోజుల్లో, నెల్లూరు తీరాన్ని ఊడ్చిపెట్టి ఎంతోమందిని అప్పుల్లో ముంచింది అదే. ఈహెచ్‌పీ రొయ్య తలభాగంలో కాలేయం చేసే పని చేసే అవయవాన్ని పట్టుకునే సూక్ష్మ పరాన్నజీవి. రొయ్యను ఒక్కసారిగా చంపదు, ఎదగనివ్వదు. రోజులు గడుస్తున్నా కౌంటు, అంటే కిలోకు తూగే రొయ్యల లెక్క, కదలదు; మేత బస్తాలు మాత్రం ఖాళీ అవుతూనే ఉంటాయి. యాంటీబయోటిక్ పనిచేసేది బాక్టీరియా మీద. తెల్లమచ్చ వైరస్‌నూ ఈహెచ్‌పీనీ అది ఏమీ చేయలేదు. వీటికోసం యాంటీబయోటిక్ కొన్న రైతు ఆ డబ్బును అక్షరాలా నీళ్ళలో పోసినట్టే.

ఇక రొయ్యకు జబ్బు తెచ్చే విబ్రియో. అది బాక్టీరియానే, మందుకు లొంగాలి కదా అంటారు. మందు రొయ్యకు చేరే దారి చూడండి. మేతకు బైండర్ పట్టించి, మందు కలిపి, ఆరబెట్టి చెరువులో చల్లుతారు. జబ్బుపడ్డ రొయ్య మొట్టమొదట మానేసేది మేత. అంటే ఆ మందు తినేది ఇంకా ఆరోగ్యంగా ఉన్న రొయ్య. అవశేషం మిగిలేది దాని కండలో. పట్టుబడి రోజున వలలో పడేదీ, ఐసు పెట్టెలో ఎక్కేదీ, పరీక్షలో దొరికేదీ అదే. తినగా మిగిలిన మందు చెరువు అడుగు మట్టిలో చేరి, అక్కడి బాక్టీరియాకు ఆ మందును తట్టుకోవడం నేర్పుతుంది. వచ్చే పంటకు అదే మందు డోసు పెంచాలి, లేదా దాని అన్నలాంటి ఖరీదైన మందు కొనాలి.

మరి ఈ వ్యవహారంలో బాగుపడ్డదెవరు? ఆక్వా మందుల షాపులో రైతుకు అరువు ఖాతా ఉంటుంది. పట్టుబడి అయ్యాక తీర్చాలి. ఖాతా ఉన్న షాపు వాడు ఇచ్చిందే మందు, వద్దనే వీలు రైతుకు ఉండదు. చెరువు దగ్గరికి వచ్చి "ఉచితంగా" సలహా చెప్పే టెక్నీషియన్‌కు రాబడి అమ్మకాన్ని బట్టి వస్తుంది. డబ్బా మీద పేగు ఆరోగ్యం అనో, ఎదుగుదల అనో రాసి ఉంటుంది. లోపల ఏముందో కొన్నవాడికి తెలియదు, చాలాసార్లు అమ్మినవాడికీ తెలియదు. ఆ సరుకు విదేశీ రేవులో అవశేషాలతో పట్టుబడి తిరిగొస్తే ఎగుమతిదారు ధర కోస్తాడు. ఆ కోత ఏజెంటు మీదుగా దిగి దిగి రైతు దగ్గర ఆగుతుంది. షాపు ఖాతాలో బాకీ మాత్రం ఒక్క రూపాయి తగ్గదు. రైతు స్వేచ్ఛ పేరుతో కాపాడుతున్నది ఈ ఖాతా పుస్తకాన్ని.

తెల్లోడి ఎత్తు అన్న మాటకు వద్దాం. ఎత్తు వేసేవాడు ఆ రూలును ఎదుటివాడి మీదే పెడతాడు, తన మీద పెట్టుకోడు. కోళ్ళకూ పందులకూ త్వరగా బరువెక్కడం కోసం యాంటీబయోటిక్ మేపడాన్ని స్వీడన్ 1986లోనే ఆపేసింది. ఆపమని అడిగినవాళ్ళలో ముందున్నది ఆ దేశపు రైతుల సమాఖ్యే, 1981లోనే. జనం మాంసం మీద నమ్మకం పోగొట్టుకుంటే తమ బతుకు పోతుందని వాళ్ళకు తెలిసింది. యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి ఆ వాడకాన్ని తన దేశాలన్నిటిలో నిషేధించింది. 2022 జనవరి నుంచి, జబ్బు వస్తుందేమోనన్న భయంతో మంద మొత్తానికీ ముందస్తుగా యాంటీబయోటిక్ పెట్టడాన్నీ ఆపింది. అమెరికా చాలా ఆలస్యంగా కదిలింది. అయినా 2023 జూన్ నుంచి మనుషుల వైద్యంలో ముఖ్యమైన యాంటీబయోటిక్ ఏదీ అక్కడి పశువుల రైతు పశువైద్యుడి చీటీ లేకుండా కొనలేడు. ఇవన్నీ వాళ్ళు తమ రైతుల మీద పెట్టుకున్న కట్టుబాట్లు.

ఇక్కడ ఒక సందేహం న్యాయమైనదే. క్లోరాంఫెనికాల్ విషయంలో యూరప్ ఎన్నో ఏళ్ళు వాడిన గీత కిలోకు 0.3 మైక్రోగ్రాములు. అంటే వెయ్యి టన్నుల రొయ్యలో కలిపి 0.3 గ్రాముల మందు. తర్వాత దాన్ని సగానికి దించింది. ఇంత చిన్న అంకె వింటే ఎవరికైనా అనుమానం వస్తుంది. కానీ ఆ అంకె ఎంత తింటే ప్రమాదమో చెప్పే హద్దు కాదు, యంత్రం ఎంతదాకా పట్టగలదో చెప్పే హద్దు. క్లోరాంఫెనికాల్ కొద్దిమందిలో ఎముక మూలుగను చంపి రక్తం తయారు కాకుండా చేస్తుంది. వేలల్లో ఒకరికి వచ్చే ఆ జబ్బుకు మోతాదుతో నిమిత్తం లేదు. అందుకే ఇంతవరకు ఫరవాలేదు అని గీత గీయడం ఎవరికీ సాధ్యం కాలేదు. తినే జీవులకు ఆ మందు పూర్తిగా నిషేధం అయింది అందుకే, మన దేశంలో కూడా. నిషేధించిన మందు కాస్త కనబడినా చాలు, ఎక్కడో ఎవరో దాన్ని అమ్మారని, చెరువులో వేశారని అర్థం.

వ్యాపారంలో ఎత్తులు లేవని నేననను. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు గోదావరి జిల్లాల్లో రొయ్య ధర ఎలా కూలిందో చూశాం. దాని మీద ఎంత గట్టిగా పోరాడినా తక్కువే. ఆ సుంకాన్నీ ఈ పరీక్షనూ ఒకే గాట కట్టడం రైతుకు చేసే ద్రోహం. సుంకం మన చేతిలో లేదు. చెరువులో ఏం పడుతుందో మన చేతిలో ఉంది. 2016లో యూరప్ మన చెరువుల రొయ్యల్లో తనిఖీ చేసే కన్సైన్‌మెంట్లను నూటికి 10 నుంచి 50కి పెంచింది. అది కూడా అవశేషాలు పదేపదే దొరికాకే. ఆ ఆయుధాన్ని వాళ్ళ చేతికి ఇచ్చింది మనమే.

మందు వాడకుండా పంట ఎలా అన్న ప్రశ్నకు నార్వే జవాబు ఉంది. 1987లో నార్వే సాల్మన్ చేపల పెంపకంలో దాదాపు 50 టన్నుల యాంటీబయోటిక్ పోశారు. అప్పటి చేపల దిగుబడి సుమారు 50 వేల టన్నులు. ఇప్పుడు దిగుబడి 12 లక్షల టన్నులు దాటింది. వాడే యాంటీబయోటిక్ ఇటీవలి ఏళ్ళలో టన్నుకు కూడా చేరడం లేదు. చేపలకు టీకా వచ్చింది. రెండు పెంపకాల మధ్య ఖాళీ ఉంచాలన్న నియమం వచ్చింది. ప్రతి మందుకూ చీటీ, ప్రతి చీటీకీ లెక్క వచ్చాయి. రొయ్యకు చేపలా టీకా వేయలేం, దాని శరీర నిర్మాణం వేరు. దానికి దారి రోగం లేని సీడ్. మన దగ్గర వనామీ నిలబడ్డది కూడా ఆ దారినే. 2009లో వనామీకి అనుమతి ఇచ్చినప్పుడు, విదేశాల నుంచి వచ్చే ప్రతి తల్లి రొయ్యా చెన్నైలోని నీలాంకరై క్వారంటైన్ కేంద్రంలో ఆగి, రోగాల పరీక్ష దాటాకే హ్యాచరీకి వెళ్ళాలన్న షరతు పెట్టారు. ఇవాళ ఆంధ్ర దేశంలోనే ముందు నిలిచిందని గొప్పగా చెప్పుకునే రొయ్య పంటంతా ఆ షరతు మీద లేచింది. రూళ్ళు పంటను చంపుతాయంటున్న పెద్దలు ఈ సంగతి ఎందుకు ఎత్తరు?

ఇంతవరకూ రొయ్య ఎక్కడికో పోతుందన్నట్టు మాట్లాడాం. ఇక్కడ మిగిలేదాని సంగతేమిటి? యూరప్‌కు వెళ్ళాల్సిన చెరువుకు పట్టుబడికి ముందే సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా ల్యాబులో పరీక్ష తప్పనిసరి. ఓడ ఎక్కేముందు మళ్ళీ పరీక్ష, అక్కడ దిగాక మళ్ళీ పరీక్ష. మన బజారుకు వచ్చే రొయ్యకు చెరువు దగ్గర అలాంటి పరీక్షేదీ లేదు. ఒక దేశపు పిల్లవాడి కంచంలోకి వెళ్ళే ముద్దకు మూడు కాపలాలు. మన పిల్లవాడి కంచానికి కాపలా లేదు. దీన్ని దేశాభిమానం పేరుతో సమర్థించడం నాకు మింగుడుపడదు.

ఉడికిస్తే అన్నీ పోతాయి అన్నది మన ఇళ్ళలో గట్టి నమ్మకం. క్రిముల విషయంలో అది నిజం, కాబట్టే ప్రమాదకరమైన సగం నిజం. నైట్రోఫ్యూరాన్ మందుల అవశేషాలు రొయ్య కండలోని మాంసకృత్తులకు అతుక్కుపోతాయి. పులుసులో మరిగినా, వేపుడులో వేగినా అవి ఉంటాయి. పైగా అసలు నష్టం కంచంలో మాత్రమే జరగడం లేదు. ఫారంలో, చెరువులో మందును తట్టుకోవడం నేర్చుకున్న బాక్టీరియా ఎరువులో, కాలువ నీళ్ళలో, పనివాళ్ళ చేతుల్లో బయటికి నడిచి వస్తుంది. దాన్ని ఏ పొయ్యి మీద ఉడికిస్తాం? మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో 12 లక్షల 70 వేలమంది చనిపోయారని లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా చెబుతోంది. ఎవరూ రోగి దగ్గరికి వచ్చి నీ జబ్బు ఫలానా కోళ్ళ ఫారం నుంచి వచ్చిందని చెప్పరు. అందుకే "ఇన్నాళ్ళూ తిన్నాం, ఏమైంది" అనగలుగుతున్నాం.

కొలిస్టిన్ కథ దీనికి మచ్చు. మిగతా మందులన్నీ ఓడిపోయాక ఐసీయూలో డాక్టరు చివరగా చేతికి తీసుకునే మందు అది. అదే మందును మన దేశంలో కోళ్ళు త్వరగా బరువెక్కడానికి దాణాలో కలిపి బస్తాల లెక్కన అమ్మారు. కొలిస్టిన్‌ను తట్టుకునే జన్యువు ఒక బాక్టీరియా నుంచి మరోదానికి సులువుగా దూకుతోందని 2015లో చైనాలో బయటపడింది. ఆ తర్వాత కూడా ఇక్కడ మూడేళ్ళకు పైగా అమ్మకం సాగింది. 2019 జూలైలో కేంద్రం నిషేధించింది. అప్పుడూ కోళ్ళ పరిశ్రమ కూలిపోతుందన్నారు. కూలలేదు. గుడ్డు ఇప్పటికీ దొరుకుతోంది, చికెన్ ఇప్పటికీ దొరుకుతోంది.

పాల గురించి ఒక మాట, ఎందుకంటే ఇక్కడ మా ఇంటి తప్పు కూడా ఉంది. నా చిన్నప్పుడు మా గేదెకు పొదుగువాపు వచ్చింది. కాంపౌండర్ గారు వచ్చి సూది వేసి, పొదుగులోకి ట్యూబు ఎక్కించి వెళ్ళారు. మర్నాడు పొద్దున ఆ పాలే పాల కేంద్రానికి పోశాం. పోయకూడదని ఎవరూ చెప్పలేదు. చెప్పినా, ఆ పూట పాల డబ్బు మా ఇంటికి ఎంత అవసరమో నాకు తెలుసు. ఎవరిని తప్పుపట్టాలి? 2012 నుంచి మన ఔషధ నియమాల్లో ఒక స్పష్టమైన షరతు ఉంది. తినే జీవులకు వాడే మందు డబ్బా మీద, ఆ మందు వేశాక ఎన్ని రోజులు పాలూ గుడ్లూ మాంసం వాడకూడదో అచ్చువేయాలి. కంపెనీ దగ్గర ఆ లెక్క లేకపోతే పాలకూ గుడ్లకూ కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు, చేపకు 500 డిగ్రీ-రోజులు ఆగాలి. అంటే నీళ్ళు 28 డిగ్రీలు ఉన్నప్పుడు సుమారు 18 రోజులు. చక్కటి నియమం. కానీ అది డబ్బా మీద చీమతలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంది. ఆ ఏడు రోజుల పాలు పారబోస్తే నష్టం ఎవరు భరించాలో ఏ నియమంలోనూ లేదు.

పాల కల్తీ గురించి మనం ఊహించుకునేదానికీ నిజానికీ మధ్య ఎంత దూరం ఉందో కూడా చూడండి. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు తీసి పరీక్షించింది. యూరియా, డిటర్జెంట్ లాంటి కల్తీతో ప్రమాదకరంగా తేలినవి 12. యాంటీబయోటిక్ హద్దు దాటినవి 77. బూజు పట్టిన మేత నుంచి పాలలోకి దిగే అఫ్లటాక్సిన్ విషం హద్దు దాటినవి 368. మనం వాట్సాప్‌లో పాల వ్యాపారిని తిడుతూ కూర్చున్నాం. విషం వస్తున్నది తడిసిన చెక్క నుంచి, నిల్వ సరిగా లేని దాణా నుంచి. దాణా నాణ్యత మీద పట్టు ఉంటే గేదె బాగుంటుంది, రైతుకు పాల దిగుబడి ఉంటుంది, తాగేవాడు బాగుంటాడు. ఈ ముగ్గురిలో ఎవరికి నష్టమని ఆ పట్టును వద్దంటున్నారు?

చట్టం కాగితం దాటదు అన్న నిస్పృహ మిగిలింది. చదువుకున్నవాళ్ళు ఎక్కువగా వాడే వాదన ఇదే. దానికి రాబందుల కథ చెప్పాలి.

ఊరి బయట పశువు కళేబరం పడితే గంటల్లో ఎముకలు మిగిల్చే పక్షులు మన కళ్ళ ముందే మాయమయ్యాయి. 1992కీ 2007కీ మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి. వైరస్ అన్నారు, పురుగుమందు అన్నారు. 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన అసలు కారణం తేల్చింది. పశువుల నొప్పులకు, వాపులకు వేసే డైక్లోఫెనాక్. ఆ సూది పడి చచ్చిన పశువును తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి, కొద్ది రోజుల్లోనే చచ్చిపోయేది. మందున్న కళేబరాలు నూటికి ఒకటి లేకపోయినా జాతి మొత్తం కూలిపోవడానికి సరిపోయేవి. పశువులకు ఆ మందును 2006లో నిషేధించారు. కాగితం మీది చట్టం అంటారే, మొదట అచ్చంగా అదే జరిగింది. పశువుల డైక్లోఫెనాక్ ఆగింది, మనుషుల కోసం అమ్మే 30 మిల్లీలీటర్ల సీసా పశువుల షాపుకు చేరింది. ఒక మనిషికి ఒకసారికి 3 మిల్లీలీటర్లు చాలు. మరి అంత పెద్ద సీసా ఎవరి కోసం? 2015లో సర్కారు ఆ కిటుకు పట్టుకుని, మనుషుల డైక్లోఫెనాక్‌ను ఒక డోసు సీసాలోనే అమ్మాలంది. కంపెనీలు కోర్టుకెళ్ళాయి. 2017లో మద్రాసు హైకోర్టు సర్కారు పక్షానే తీర్పిచ్చింది. 2023లో అదే హాని చేసే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా పశువుల వాడకం నుంచి తీసేశారు. రాబందుకు హాని చేయని మెలాక్సికామ్ ఉంది, పశువు నొప్పికి అది చాలు. రైతుకు కొత్తగా పోయిందేమీ లేదు.

ఈ కథలో నాకు కనబడే పాఠం ఒకటే. రైతుకు నీతి బోధించినంతకాలం ఏమీ కదల్లేదు. సీసా సైజును పట్టుకున్నాక కదిలింది. చట్టం ఎక్కడ పట్టుకోవాలో అక్కడ పట్టుకుంటే కాగితం దాటుతుంది. ఆలస్యానికి ధర ఎంతో కూడా ఇప్పుడు తెలిసింది. రాబందులు పోయి కళేబరాలు కుళ్ళి, కుక్కలు పెరిగి, నీళ్ళు చెడి, 2000-2005 మధ్య అదనంగా సుమారు 5 లక్షలమంది మనుషులు చనిపోయి ఉంటారని 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద, కొన్ని రాబందులు గూళ్ళు పెట్టుకున్నాయని 2013లో తెలిసినప్పుడు అటవీ శాఖ వాళ్ళు పండగ చేసుకున్నారు. ఒకప్పుడు ప్రతి ఊరి పొలిమేరలో ఉన్న పక్షి అది.

అంతకు ముందరి కాలం వాళ్ళకు పశువుల ముసర వ్యాధి గుర్తుండాలి. ఒక్క వానాకాలంలో ఊళ్ళో కొట్టాలన్నీ ఖాళీ చేసిన రోగం. టీకా బళ్ళు, సరిహద్దు చెక్‌పోస్టులు, పశువుల సంతల మీద ఆంక్షలు, ఇవన్నీ సర్కారు బలవంతమే. 1995 తర్వాత ఆ రోగం మన దేశంలో కనబడలేదు. 2011లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. అప్పుడూ సంత మూస్తే మా బతుకేమిటన్న మాట వినబడే ఉంటుంది. ఆ బలవంతం లేకపోతే మా తాతల గొడ్లు మిగిలేవి కావు.

ఇప్పుడు, ఒప్పుకుంటానన్న ఆ ఒక పాలు నిజం. నియంత్రణ పేరుతో రైతును పీడించడం మన దగ్గర నిజంగానే జరుగుతోంది. చేతకాని చట్టాలు కూడా వచ్చాయి. గేదెలు పాలు చేపడానికి ఆక్సిటోసిన్ సూది వేస్తున్నారని, 2018లో కేంద్రం ఆ మందు తయారీని ఒకే ప్రభుత్వ సంస్థకు కట్టబెట్టి, ప్రైవేటు కంపెనీలన్నిటినీ ఆపేసింది. ప్రసవంలో రక్తస్రావం ఆపి తల్లి ప్రాణం నిలిపే మందు అది. ఆస్పత్రులకు అందకుండా పోతే ఏమవుతుందన్న ఆలోచన లేదు. ఢిల్లీ హైకోర్టు ఆ ఏడాది డిసెంబరులో దాన్ని కొట్టేసింది, సరైన పనే చేసింది. చీటీ ఉంటేనే మందు అంటారు, చీటీ రాయడానికి మండలానికి డాక్టరు దొరకడు. ఆ ఖాళీలో షాపు వాడే డాక్టరు అవుతాడు. అవశేషం దొరికిందని చెరువు వాడి మీద కేసు రాస్తారు, ఆ డబ్బా తయారైన షెడ్డు తలుపు ఎవరూ తట్టరు. రైతు కోపం ఇక్కడ న్యాయమైనదే. కానీ ఈ కోపానికి మందు ఆ షెడ్డు తలుపు తట్టే ఇన్‌స్పెక్టర్, మండలానికో పశువైద్యుడు, తెలుగులో పెద్దక్షరాల లేబుల్, ఉచిత పరీక్ష. ఇవన్నీ నియంత్రణే. దాన్ని వద్దనడం వల్ల ఇవి రావు.

2025 ఫిబ్రవరిలో బర్డ్‌ఫ్లూ పెరవలి మండలం కానూరులో, తణుకు మండలం వేల్పూరులో బయటపడినప్పుడు ఇదంతా కళ్ళకు కట్టింది. చుట్టూ కిలోమీటరు పరిధిలో కోళ్ళను చంపి పూడ్చాలి, పది కిలోమీటర్లు నిఘా పెట్టాలి. నియమం సరైనదే. చంపిన కోడికి పరిహారం ఉంది, రోగంతో ముందే చచ్చిన కోడికి లేదు. త్వరగా చెప్పిన రైతుకు మేలు జరగాలన్నది దాని ఉద్దేశం. కానీ రైతు త్వరగా చెప్పాలంటే పరిహారం చేతికి త్వరగా రావాలి, అదీ పెట్టుబడికి సరిపోయేలా రావాలి. రాదని అనుభవం చెబితే అతను దాస్తాడు. చచ్చిన కోళ్ళు రాత్రిపూట కాలువ గట్టుకు చేరతాయి, రోగం పక్క ఊరికి నడుస్తుంది. రైతును నమ్మే నియమానికీ అనుమానించే నియమానికీ తేడా ఈ పరిహారం చెక్కులో ఉంది.

ఆక్వా రైతు సంఘాల పెద్దలకు నాదొక విన్నపం. కరెంటు యూనిట్ రూపాయిన్నరకే ఇవ్వాలని అడుగుతున్నారు, అడగండి. మేత ధర తగ్గించాలని అడుగుతున్నారు, అడగండి. వచ్చే వినతిపత్రంలో ఇంకో మూడు పంక్తులు చేర్చండి. మందుల షాపు ప్రతి డబ్బాకూ బిల్లు ఇవ్వాలి. డబ్బాలో ఏముందో తెలుగులో రాయాలి. చెరువులో అవశేషం తేలితే రైతు కన్నా ముందు ఆ బిల్లు ఇచ్చినవాడినీ, ఆ డబ్బా చేసినవాడినీ పట్టుకోవాలి. ఈ మూడు పంక్తులకు ఎవరు అడ్డం వస్తారో చూడండి. ఇన్నాళ్ళూ మీ పేరు చెప్పి తప్పించుకున్నది వాళ్ళే.